సైన్సు ప్రాజెక్టు సూక్ష్మజీవులు ఇంటికి రాకూడదు



సైన్సు ప్రదర్శనల సమయంలో బి.కొత్తకోట, మదనపల్లె వైపు నుండి పిల్లలు మా ల్యాబుకు వస్తుంటారు. "మేడం, చేతుల మీది సూక్ష్మజీవులను అగార్ ప్లేటులో పెంచి చూపిస్తాం" అంటారు. మంచి ప్రాజెక్టే. అయితే ఒకసారి ఒక అమ్మాయిని "ప్లేటు ఎక్కడ పెట్టావమ్మా?" అని అడిగితే, "ఇంట్లో ఫ్రిజ్‌లో, పెరుగు గిన్నె పక్కన" అంది. ఆ ఇంట్లో ఏడాది పాప ఉంది. అందుకే ఈ పాఠం రాస్తున్నాము.

ఎందుకింత జాగ్రత్త?

చేతి మీది ఒక్క బ్యాక్టీరియా కంటికి కనబడదు. ప్లేటులో అది ఒకటి రెండు రోజుల్లో లక్షలుగా పెరిగి చుక్కలా కనబడుతుంది. అది రోగం తెచ్చేదా కాదా అన్నది చూపుతో చెప్పలేము. 2011లో అమెరికాలో మైక్రోబయాలజీ ల్యాబులతో సంబంధమున్న సాల్మొనెల్లా 38 రాష్ట్రాల్లో 109 మందికి సోకింది. ల్యాబులో పనిచేసేవారి, చదివేవారి ఇళ్లలోని చిన్నపిల్లలు కూడా వారిలో ఉన్నారు. చేతులు, పెన్నులు, పుస్తకాలు, కోట్ల ద్వారా సూక్ష్మజీవులు ఇల్లు చేరగలవు.

పాటించవలసినవి

1. టీచరు ముందుండగానే, స్కూలు ల్యాబులోనే పని చేయండి. రక్తం, చీము, మలం, కళ్లె వాడవద్దు. 1912లో మొదలైన ఆరోగ్యవరం క్షయ శానిటోరియం ఉన్న ప్రాంతం మనది. కళ్లెలో ఏముండగలదో మనకు వేరే చెప్పనక్కరలేదు.

2. జుట్టు ముడి వేసుకోండి. గాయాలకు ప్లాస్టరు వేయండి. ఆప్రాన్, గ్లౌజులు తొడగండి. తినడం, పెన్ను నోట్లో పెట్టడం, పిపెట్టును నోటితో పీల్చడం కూడదు. స్పిరిట్ సీసాను మంటకు దూరంగా ఉంచండి.

3. ప్లేటు మూతకు రెండు మూడు చోట్ల టేపు వేయండి. ఆ తర్వాత తెరవవద్దు, మూసి ఉండగానే చూడండి. 25 డిగ్రీల దగ్గర ఉంచితే చాలు. 37 డిగ్రీలు మన ఒంటి వేడి. మనిషికి రోగం తెచ్చేవి అక్కడే బాగా పెరుగుతాయి.

4. ప్లేటు పగిలితే చేత్తో ముట్టక టీచరుకు చెప్పండి. టీచరు గ్లౌజులతో దాని మీద కాగితం కప్పి, ఒక పాలు బ్లీచ్ ద్రావణానికి తొమ్మిది పాళ్లు నీళ్లు కలిపి పోసి, అరగంట ఆగి తీయాలి.

5. పని ముగిశాక ప్లేట్లను చెత్తకుండీలో వేయవద్దు. ఆటోక్లేవులో 121 డిగ్రీల వద్ద, 15 పౌన్ల ఒత్తిడితో కనీసం 20 నిమిషాలు ఉంచాలి. స్కూల్లో ఆటోక్లేవు లేకపోతే టీచరు ద్వారా దగ్గరి ఆసుపత్రి ల్యాబును అడగండి. వంటింటి కుక్కరు వాడవద్దు.

6. సబ్బుతో 20 సెకన్లు చేతులు కడిగాకే బయటికి రండి. ఆప్రాన్‌ను పుస్తకాల సంచిలో పెట్టవద్దు.

తల్లులారా, ప్రాజెక్టు చేసిన బిడ్డకు గానీ ఇంట్లో పసివారికి గానీ జ్వరం, విరేచనాలు వస్తే డాక్టరుకు ప్రాజెక్టు సంగతి కూడా చెప్పండి. దాచవద్దు, మేము కోప్పడము.

ఈ వసతులు లేని స్కూళ్లలో ఉల్లిపొర కణాలనో, పెరుగులోని బ్యాక్టీరియానో మైక్రోస్కోపులో చూపించండి. అదీ మంచి ప్రాజెక్టే.