డచ్ సమాజశాస్త్రం – మూడు తరాలు, మూడు ప్రశ్నలు

పేర్లు, సంవత్సరాలు బట్టీ పడితే సమాజశాస్త్ర చరిత్ర గుర్తుండదు. ఏ తరం ఏ ప్రశ్న అడిగిందో చూస్తే తేలికగా బోధపడుతుంది. ఉదాహరణకు నెదర్లాండ్స్‌ను చూద్దాం.

మొదటి తరం: ఆమ్‌స్టర్‌డామ్ ఆచార్యుడు స్టైన్‌మెట్స్ ప్రజల జీవనాన్ని ముందు ఉన్నదున్నట్లు వర్ణించాలన్నారు. 1913లో ఆ పద్ధతికి 'సోషియోగ్రఫీ' అని పేరు పెట్టారు. ఆయన శిష్యుడు టెర్ వేన్, సరస్సు నీరు తోడి సాగులోకి తెచ్చిన హార్లెమ్మర్‌మీర్‌లో తొలి రైతులు పడిన అగచాట్లను 1925లో గ్రంథస్థం చేశారు.

రెండవ తరం: వర్ణన ఒక్కటే చాలదు, సిద్ధాంతం కావాలన్నది. వాన్ డోర్న్, లామర్స్ కలిసి 1959లో 'ఆధునిక సమాజశాస్త్రం' అనే పాఠ్యగ్రంథం రాశారు. ఇండోనేషియాలో సైనికుడిగా పనిచేసిన వాన్ డోర్న్, అక్కడ డచ్ సైన్యం సాగించిన హింసపై 1970లో హెండ్రిక్స్‌తో కలిసి పుస్తకం వెలువరించారు. సొంత దేశాన్నే ప్రశ్నించారు.

మూడవ తరం: ఇది రెండు పాయలైంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో గౌడ్స్‌బ్లోమ్, నార్బర్ట్ ఎలియాస్ బాటలో, సమాజాన్ని శతాబ్దాల మార్పుగా చూశారు. ఉట్రెక్ట్, గ్రోనింగెన్ వారు ప్రతి ఊహనూ లెక్కలతో పరీక్షించాలన్నారు.

గురువు అడగని ప్రశ్నను శిష్యుడు అడిగిన ప్రతిసారీ శాస్త్రం ఒక మెట్టు ఎక్కింది. మన ఇళ్లలో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన వాళ్లం మనం. మన వాడల గురించి ఇతరులు రాసింది చదవడంతోనే ఆగిపోకూడదు. మన ప్రశ్న మనమే అడగాలి.