టీవీ తెర అప్పుడెందుకు ఉబ్బింది? ఇప్పుడెందుకు వంగింది?

పుదుచ్చేరి భారతి పార్కులో తెల్లగా నిలబడి కనిపించే ఆయి మండపానికి కమాను ద్వారాలు ఉన్నాయి. మూడో నెపోలియన్ కాలంలో పట్టణానికి మంచినీళ్లు తెచ్చినందుకు గుర్తుగా దాన్ని కట్టారు. పాత టీవీ తెరకూ ఈ మండపానికీ రెండు పోలికలు కలుస్తాయి. ఒకటి కమాను, రెండోది నీళ్లు.

గాలి బరువు మోసిన గాజు

పాత టీవీలో ఉండేది పిక్చర్ ట్యూబు. దాని మెడలోంచి దూసుకొచ్చిన ఎలక్ట్రాన్లు తెర లోపలి ఫాస్ఫర్ పూతను తాకితే వెలుగు పుడుతుంది. దారిలో గాలి అణువులు అడ్డు రాకూడదు కనుక ట్యూబులోని గాలిని తోడేస్తారు. ఇక బయటి గాలి గాజు మీద ప్రతి చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో చొప్పున నొక్కుతుంది. 21 అంగుళాల తెర సుమారు 43 సెం.మీ. వెడల్పు, 32 సెం.మీ. ఎత్తు ఉంటుంది. అంటే దాని మీద పడే భారం దాదాపు 1,400 కిలోలు!

గాజు నొక్కుడుకు ఓర్చుకుంటుంది, సాగదీస్తే పగులుతుంది. బల్లపరుపు పలకను నొక్కితే అది వంగి, లోపలి ముఖం సాగుతుంది. ముందుకు ఉబ్బిన తెరలో మాత్రం, కమానులో లాగే, భారం చాలావరకు నొక్కుడుగా మారి అంచులకు చేరుతుంది. పైగా ఎలక్ట్రాన్లు దారి మళ్లే చోటు నుంచి తెర నడిమికీ మూలలకీ దూరంలో తేడా తగ్గుతుంది. దాంతో మూలల్లో బొమ్మ చెదరకుండా చూడటం తేలికవుతుంది. తర్వాత వచ్చిన ‘ఫ్లాట్’ ట్యూబులు బయటికి చదునుగా కనిపించినా, చాలావాటి లోపలి ముఖం వంపుగానే ఉండేది. అందుకే అవి అంత బరువు.

కన్ను కోసం కొత్త వంపు

ఎల్‌సీడీ తెరకు శూన్యం అవసరం లేదు, కాబట్టి ఉబ్బూ అక్కర్లేదు. తెర చదునైంది. 2013లో ఎల్‌జీ, శామ్‌సంగ్ సంస్థలు వంపు తిరిగిన ఓఎల్ఈడీ టీవీలు తెచ్చాయి. ఈసారి వంపు లోపలికి. తెర అంతా కంటికి సమాన దూరంలో ఉండాలన్నది ఆలోచన.

లెక్క వేసి చూద్దాం. 122 సెం.మీ. వెడల్పున్న 55 అంగుళాల చదును టీవీని 3 మీటర్ల నుంచి చూస్తే, నడిమి కన్నా అంచు 6 సెం.మీ. మాత్రమే ఎక్కువ దూరం. తేడా 2 శాతమే. వంపుతో వచ్చే ఆ కాస్త లాభమూ నడుమ కూర్చున్నవారికే. అదే 80 సెం.మీ. వెడల్పున్న కంప్యూటర్ తెరను 60 సెం.మీ. నుంచి చూస్తే తేడా 12 సెం.మీ., అంటే 20 శాతం. వంపుకు అక్కడ అర్థం ఉంది.

అటక మీది సీసం

ఇక నీళ్ల సంగతి. కలర్ ట్యూబులో దాదాపు 25,000 వోల్టులు పనిచేస్తాయి. అంత వేగంతో వచ్చిన ఎలక్ట్రాన్లు ఆగినచోట ఎక్స్ కిరణాలు పుడతాయి. వాటిని ఆపడానికి, ట్యూబు వెనకవైపు గరాటులాంటి గాజులో దాదాపు ఐదో వంతు సీసం ఆక్సైడ్ కలుపుతారు. గాజు పగలనంత కాలం సీసం అందులోనే బందీ. పగిలి చెత్తకుప్పలో చేరితే, ఆమ్ల గుణమున్న మురుగుతో కలిసి నేలలోకి దిగవచ్చు. పుదుచ్చేరి పట్టణానికి తాగునీరు భూమి లోపలి నుంచే వస్తుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది.

2023 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత టీవీలు నమోదైన రీసైక్లర్లకే చేరాలి. రాగి తీగ కోసం ట్యూబు పగలగొడితే గాజు ముక్కలు ఎగిరి గాయపరుస్తాయి కూడా. కాబట్టి అటక మీది పాత టీవీ మూత విప్పకుండా, ఉన్నది ఉన్నట్టుగా అప్పగించండి.