కాంటాక్టు లెన్సులు – కంటి సంరక్షణ

ఇంద్రియాలన్నింటిలోను నేత్రం ప్రధానమన్న పెద్దల మాటను, నిత్యం పుస్తకంతో పనిపడే విద్యార్థికి వేరొకరు వివరించనక్కరలేదు. ఒకప్పుడు దృష్టిదోషానికి కళ్ళజోడే శరణ్యం. నేడు మన తరగతులలోనే పలువురు కాంటాక్టు లెన్సులు ధరిస్తున్నారు.

భాషాధ్యాపకుడనైన నేను ఈ విషయంపై కలం పట్టడానికి ఒక కారణముంది. రెండేళ్ళ క్రితం నా విద్యార్థిని ఒకామె పరీక్షల రోజులలో లెన్సులు తీయకుండానే నిద్రించేది. ఒకనాటి ఉదయం కన్ను ఎర్రబడింది. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకొన్న చుక్కలతో మూడు రోజులు గడిపింది. వైద్యుని చేరేసరికి కార్నియాపై పుండు ఏర్పడింది. పుండు మానింది, మచ్చ మిగిలింది. ఆ యేటి పరీక్ష తప్పిపోయింది.

గాజు లెన్సులను గూర్చి అడాల్ఫ్ ఫిక్ అనే వైద్యుడు 1888లో ప్రకటించాడు. 1961లో చెకోస్లోవేకియా శాస్త్రజ్ఞుడు ఒట్టో విఖ్తెర్లె పిల్లల ఆటసామగ్రితో ఇంటనే యంత్రం అమర్చి, నీటిని పీల్చుకొనే మెత్తని లెన్సులను తయారుచేశాడు. ఈ మెత్తదనమే సుఖానికీ, అజాగ్రత్త వహిస్తే ప్రమాదానికీ మూలం.

కంటి ముందుభాగాన ఉండే పారదర్శకమైన పొర కార్నియా. దీనిలో రక్తనాళాలు లేవు. అది తనకు కావలసిన ప్రాణవాయువును ప్రధానంగా గాలి నుండి, కన్నీటి ద్వారా గ్రహిస్తుంది. రెప్ప మూస్తే ఆ సరఫరా తగ్గుతుంది; లెన్సు కూడ ఉంటే మరింత తగ్గుతుంది. అందుచేత వైద్యుడు ప్రత్యేకంగా అనుమతించనిదే లెన్సులతో నిద్రించరాదు.

రెండవ శత్రువు నీరు. కుళాయి నీటిలోను, బావి నీటిలోను అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. అది లెన్సును ఆశ్రయించి కార్నియాలో ప్రవేశిస్తే నయం కావడానికి నెలలు పడుతుంది. కనుక లెన్సును నీటితోగాని, ఉమ్మితోగాని, ఇంట కలిపిన ఉప్పునీటితోగాని ఎన్నడూ తడపరాదు. స్నానానికి, ఈతకు ముందు తీసివేయాలి. వజూ చేసేటప్పుడు కన్నులు గట్టిగా మూసుకోవాలి. లెన్సు ధరించేవారు కనురెప్ప లోపల సుర్మా, కాటుక పెట్టరాదు.

ఇక నిత్యవిధులు. చేతులు సబ్బుతో కడిగి, పొడిగుడ్డతో పూర్తిగా తుడుచుకొన్న తరువాతే లెన్సును తాకాలి. ఎల్లప్పుడూ కుడికన్నుతో ప్రారంభిస్తే రెండూ తారుమారు కావు. తీసిన లెన్సును అరచేతిలో ఉంచి, అందుకై నిర్దేశించిన ద్రావణంతో వేలికొనతో మృదువుగా రుద్ది కడగాలి. డబ్బీలోని పాత ద్రావణానికి కొత్తది చేర్చరాదు. పారబోసి తాజాగా నింపాలి. ఉదయం ఖాళీ డబ్బీని ద్రావణంతోనే కడిగి, శుభ్రమైన గుడ్డతో తుడిచి, మూతలు తీసి బోర్లించాలి. మూడు నెలలకొకసారి డబ్బీని మార్చాలి. గడువు తీరిన లెన్సును ఇంకొక వారం లాగుదామనుకోవడం మితవ్యయం కాదు.

వివాహాలకు, వార్షికోత్సవాలకు రంగుల లెన్సులను స్నేహితులు ఒకరివొకరు పెట్టుకోవడం చూస్తున్నాము. ఇది కడు ప్రమాదకరం. అలంకారానికైనా కంటి పరీక్ష తప్పదు.

కన్ను ఎర్రబడినా, నొప్పి కలిగినా, వెలుగును ఓర్వలేకపోయినా, చూపు మసకబారినా తక్షణమే లెన్సు తీసివేసి, ఆనాడే నేత్రవైద్యుని దర్శించాలి. లెన్సును, డబ్బీని వెంట తీసుకొనిపోతే రోగకారణం తెలుసుకోవడానికి తోడ్పడతాయి. కళ్ళజోడు ఒకటి సదా దగ్గర ఉంచుకోవాలి.

విద్యార్థులారా! రాత్రి ఎంత పొద్దుపోయినా, పుస్తకం మూసిన పిదప లెన్సులు తీయడానికి పట్టేది అయిదు నిమిషాలే. ఆ అయిదు నిమిషాలను మీ కన్నులకు బాకీ పెట్టకండి.