'టెల్లర్' చెప్పేవారా, లెక్కించేవారా?

ప్రశ్న: 'టెల్' అంటే చెప్పడం కదా! మరి బ్యాంకులో నగదు లెక్కపెట్టి ఇచ్చే ఉద్యోగిని 'టెల్లర్' అంటారెందుకు?

జవాబు: పాత ఇంగ్లీషులో 'టెల్లన్' అనే క్రియకు లెక్కపెట్టడం, వరసగా వివరించడం అనే రెండర్థాలూ ఉండేవి. చెప్పడమంటే సంగతులను ఒక్కొక్కటిగా ఎంచి వినిపించడమే.

బ్యాంకు టెల్లర్‌కు దక్కింది లెక్కింపు అర్థం. ఏటీఎం పూర్తి పేరులోని 'టెల్లర్' కూడా అదే.

జర్మన్ భాషలో ఈ చుట్టరికం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ 'త్సేలెన్' అంటే లెక్కించడం, 'ఎర్‌త్సేలెన్' అంటే కథ చెప్పడం. ఇంగ్లీషులో కథను సూచించే 'టేల్', మాట్లాడడాన్ని సూచించే 'టాక్' కూడా ఈ కుదురులోవే. మొత్తం లెక్క చెప్పేటప్పుడు వాడే 'ఆల్ టోల్డ్'లో, జపమాల తిప్పడాన్ని చెప్పే 'టెల్లింగ్ బీడ్స్'లో పాత అర్థం ఇప్పటికీ నిలిచి ఉంది.