ఢిల్లీ కట్టడాలలో తెలుగు జాడ

పాఠ్యభాగ పరిచయం

యాత్రావర్ణన, చరిత్ర కలిసిన వ్యాసమిది. రాజధానీ నగరంలోని ప్రసిద్ధ కట్టడాలను వరుసగా వర్ణించడం దీని ఉద్దేశం కాదు. ఒక కట్టడం నుంచి మరొక కట్టడానికీ, ఢిల్లీ నుంచి ఓరుగల్లుకూ ఉన్న సంబంధాలను గుర్తించడం, పేరున్న కట్టడాలతోపాటు పేరు మరుగునపడిన కట్టడాన్నీ చూడటం ఎలాగో విద్యార్థులకు తెలియజేయడం దీని ప్రయోజనం.

పాఠం

ఢిల్లీ చూడబోయేవారికి కాలం ఎప్పుడూ తక్కువే. పొద్దున్నే బస్సెక్కితే మొదట కుతుబ్ మీనార్, తరువాత హుమాయూన్ సమాధి, మధ్యాహ్నానికి ఎర్రకోట, రాజ్‌ఘాట్, దీపాలు పెట్టే వేళకు ఇండియా గేట్. ఒక్క పగటిలో ఎనిమిది శతాబ్దాలు గడిచిపోతాయి. తిరిగి వచ్చినవారిని అడిగితే మీనారు ఎత్తు చెబుతారు. రాష్ట్రపతి భవన్‌లో 340 గదులున్నాయని చెబుతారు. అంకెలు తెలుసుకోవడం మంచిదే. కాని ఈ రాయి ఎక్కడి నుంచి వచ్చింది, దీనిని ఎవరు తెచ్చారు, అంతకు ముందు ఇక్కడ ఏముండేది అని అడిగేవారు అరుదు. ఆ ప్రశ్నలు వేసుకొంటూ తిరిగేవారికి ఢిల్లీలో మన ఓరుగల్లు కూడా కనబడుతుంది.

కుతుబ్ ప్రాంగణంతోనే మొదలుపెడదాం. అక్కడి మసీదు స్తంభాలను దగ్గరగా చూస్తే గంటలు, గొలుసులు, పూర్ణకుంభాలు చెక్కి ఉంటాయి. అవి దేవాలయ స్తంభాలు. ఇరవైయేడు దేవాలయాల సామగ్రితో ఈ మసీదును కట్టినట్లు తూర్పు ద్వారం మీది పారశీక శాసనమే చెబుతోంది. ఈ విషయాన్ని దాచవలసిన పనిలేదు. దీనినే పట్టుకొని మిగిలినదంతా చూడకుండా వెళ్ళిపోవలసిన పనీ లేదు. ఆ ప్రాంగణం నడుమనే అంతకు ఎనిమిది వందల ఏళ్ళకు పూర్వపు ఇనుప స్తంభం నిలిచి ఉంది. ఏడు మీటర్లకు పైగా పొడవు, ఆరు టన్నులకు పైగా బరువు గల ఈ స్తంభం మీద ‘చంద్ర’ అనే రాజును కీర్తించే సంస్కృత శాసనం ఉంది. అది విష్ణుధ్వజమని ఆ శాసనం పేర్కొంటోంది. ఆ చంద్రుడు గుప్త చక్రవర్తి రెండవ చంద్రగుప్తుడని పండితుల నిర్ణయం. ఇనుములో భాస్వరం పాలు ఎక్కువగా ఉండటంచేత పైన పలుచని రక్షణపొర ఏర్పడి తుప్పును నిలువరించిందని లోహశాస్త్రజ్ఞులు నిరూపించారు. వీపు ఆనించి, వెనుకకు చేతులు చాచి స్తంభాన్ని కౌగిలించుకోగలిగితే అదృష్టం కలుగుతుందని జనం నమ్మేవారు. పదహారు వందల ఏళ్ళ వానలకు తట్టుకొన్న ఇనుమును ఈ అదృష్టాన్వేషకుల నుంచి కాపాడటానికి చివరకు చుట్టూ కంచె వేయవలసి వచ్చింది!

మీనారు మాత్రం ఒక్కచేతి మీదుగా లేచినది కాదు. కుతుబుద్దీన్ ఐబక్ 1199 ప్రాంతంలో ప్రారంభించాడు. ఇల్‌టుట్‌మిష్ పైఅంతస్తులు లేపాడు. పిడుగుపాటుకు దెబ్బతిన్న శిఖరాన్ని 1368లో ఫిరోజ్ షా తుగ్లక్ బాగుచేయించి, పాలరాతిని కలిపి పై భాగాన్ని కట్టించాడు. మొత్తం ఎత్తు 72.5 మీటర్లు, మెట్లు 379. పంతొమ్మిదో శతాబ్దంలో ఒక ఆంగ్ల ఇంజనీరు ఆ శిఖరం మీద తన సొంత ఊహతో ఒక ఛత్రాన్ని పెట్టించాడు. అది అతకలేదు. 1848లో దానిని దింపించి పచ్చికలో పెట్టారు. ఇప్పటికీ అది అక్కడే ఉంది. పాతదానిని బాగుచేసే ప్రతివాడూ చూడవలసిన వస్తువది. 1981లో లోపలి మెట్ల మీద తొక్కిసలాట జరిగి నలభై అయిదుగురు మరణించారు. అప్పటి నుంచి మీనారు ఎక్కనివ్వడం లేదు.

కుతుబ్‌కు తూర్పున తుగ్లకాబాద్ కోట ఉంది. యాత్రికుల రద్దీ ఇక్కడ తక్కువ. గియాసుద్దీన్ తుగ్లక్ 1321లో కట్టించిన ఈ కోట గోడలు నిటారుగా ఉండవు. అడుగున వెడల్పై, పైకి పోయేకొద్దీ లోపలికి వాలి ఉంటాయి. వరంగల్ కోటలోని ఖుష్ మహల్‌ను చూసిన విద్యార్థికి ఈ వాలు గోడలు పరిచయమైనవే. ఆ పోలిక యాదృచ్ఛికం కాదు. ఈ కోట లేస్తున్న రోజుల్లోనే, 1323లో, గియాసుద్దీన్ కుమారుడు ఉలుగ్ ఖాన్ ఓరుగల్లును జయించాడు. తరువాత మహమ్మద్ బిన్ తుగ్లక్‌గా సింహాసనమెక్కినది ఇతడే. కాకతీయ ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీకి పంపించాడు. ప్రతాపరుద్రుడు ఢిల్లీ చేరలేదు. దారిలో నర్మదాతీరంలో కన్నుమూశాడని ప్రోలయ నాయకుని విలస తామ్రశాసనం చెబుతోంది. ఆయన ఢిల్లీ చేరలేదు గాని, ఆయన కొలువులోని ఒకడు చేరాడు.

ఆ కథను మనకు చెప్పినవాడు షమ్స్ సిరాజ్ అఫీఫ్. ఫిరోజ్ షా తుగ్లక్ కాలపు చరిత్రను పారశీకంలో రాసిన అఫీఫ్ మాటల ప్రకారం తెలంగాణ దేశంలో ఉన్నత పదవిలో ఉన్న ‘కన్ను’ అనే వ్యక్తి, తన రాజు మార్గమధ్యంలో మరణించగా, ఢిల్లీ సుల్తాను ఎదుటికి వచ్చాడు. ఇస్లాం స్వీకరించి మక్బూల్ అయ్యాడు. పారశీక లిపిలో ‘క’కూ ‘గ’కూ భేదం ఒక్క గీత మాత్రమే. తిక్కన శిష్యుడైన మారన తన మార్కండేయ పురాణాన్ని ప్రతాపరుద్రుని సేనాని అయిన నాగయ గన్నకు అంకితమిచ్చాడని తెలుగు సాహిత్య విద్యార్థులు చదువుకొంటారు. ఆ గన్నసేనానీ ఈ మక్బూలూ ఒక్కరేనని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. అదే నిజమైతే తెలుగు కావ్యానికి కృతిభర్త అయినవాడు ఢిల్లీ సామ్రాజ్యానికి మంత్రి అయ్యాడన్నమాట.

మక్బూల్‌కు చదవడం, రాయడం రాదని అఫీఫ్ రాశాడు. పారశీకం రాకపోవడమే దీని అర్థం కావచ్చు. పురాణాన్ని అంకితం పుచ్చుకొన్నవాడు తెలుగు చదువు లేనివాడని అనుకోవడం కష్టం. ఏమైనా 1351లో మహమ్మద్ బిన్ తుగ్లక్ సింధులో మరణించినప్పుడు, ఢిల్లీలో ఉన్న మంత్రి ఒక పసివాణ్ణి గద్దెనెక్కించగా, మక్బూల్ నగరం విడిచి ఫిరోజ్ షా పక్షం చేరాడు. ఫిరోజ్ అతణ్ణి వజీరును చేసి ఖాన్ జహాన్ అనే బిరుదునిచ్చాడు. సుల్తాను దండయాత్రలకు వెళ్ళి ఏళ్ళ తరబడి రాకపోయినా రాజధాని కదలలేదంటే కారణం ఈ వజీరే. సింధు దండయాత్రలో సైన్యం కచ్ ఉప్పు నేలల్లో దారితప్పి ఆరు నెలలపాటు కబురు అందనప్పుడు, సుల్తాను క్షేమమని తానే ఒక ఉత్తరం పుట్టించి చదివించి, నగరంలో అలజడి అణచాడట. తనవారిని ఓడించిన సింహాసనాన్ని ఇంత నమ్మకంగా కాపాడిన ఈ మనిషిని ఎలా అర్థం చేసుకోవాలి? ఓడిన పక్షం నుంచి వచ్చి పదవి సంపాదించాడని తప్పుపట్టేవారుంటారు. బందీగా వచ్చినవాడు బతికి నిలిచి, లక్షలమంది ప్రజలున్న రాజ్యాన్ని నడిపాడని మెచ్చేవారూ ఉంటారు. రెండు మాటలూ అనుకోవడానికి వీలుండటమే ఆ జీవితంలోని బరువు.

ఆ వజీరు కాలంలో జరిగిన ఒక పనిని నేటికీ ఫిరోజ్ షా కోట్లాలో చూడవచ్చు. ఇప్పటి హర్యానాలోని తోప్రా అనే ఊరి నుంచి ఒక పెద్ద ఏకశిలా స్తంభాన్ని సుల్తాను ఢిల్లీకి తెప్పించాడు. స్తంభం చుట్టూ బూరుగు దూదిని గుట్టలుగా పోసి, మొదలు తవ్వి, దానిని మెల్లగా ఆ దూది మీదికి ఒరిగించారు. తుంగ, పచ్చితోళ్ళు చుట్టి నలభై రెండు చక్రాల బండి మీదికెక్కించారు. ఒక్కొక్క చక్రానికి ఒక మోకు. ఒక్కొక్క మోకుకు రెండువందల మంది. యమున వరకు లాగి, పడవల మీద నగరానికి చేర్చారు. ఇదంతా చిన్నతనంలో కళ్ళారా చూసిన అఫీఫ్ వివరంగా రాశాడు. దానిమీది అక్షరాలేమిటో చదవమని సుల్తాను పండితులను పిలిపించాడు. ఎవరికీ అంతు చిక్కలేదు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని చదివిన తరువాతగాని అది అశోకుని ధర్మశాసనమని లోకానికి తెలియలేదు. చదవలేని రాతను కూడా అంత జాగ్రత్తగా మోసుకొచ్చిన మనుషులు మెచ్చుకోదగినవారే.

మక్బూల్ 1368–69 ప్రాంతంలో మరణించాడు. నిజాముద్దీన్ దర్గాకు సమీపంలో అతని సమాధి ఉంది. అంతవరకు ఢిల్లీలో సమాధులు చతురస్రాకారంలో కట్టేవారు. ఇది అష్టకోణాకారం. నడుమ గుమ్మటంతో కూడిన గది, చుట్టూ వరండా, ఒక్కొక్క ముఖానికి మూడేసి తోరణాలు, పైన చూరు. ఢిల్లీలో ఈ పద్ధతిలో కట్టిన మొదటి సమాధి ఇదే. తరువాత సయ్యద్, లోదీ సుల్తానులు ఈ నమూనానే తీసుకొన్నారు. లోదీ గార్డెన్స్‌లోని మహమ్మద్ షా సమాధి, సికందర్ లోదీ సమాధి, హుమాయూన్ సమాధి ఆవరణలోని ఈసా ఖాన్ సమాధి అన్నీ ఈ వంశంలోనివే. ఆ తోటల్లో పొద్దున నడిచేవారు, ఫోటోలు తీసుకొనేవారు ఎందరో. మూలరూపం మాత్రం ఇళ్ళ నడుమ ఇరుకున పడింది. చాలాకాలం కుటుంబాలు అందులోనే గోడలు కట్టుకొని కాపురముండటంతో దాని అష్టకోణం చూపరికి దొరకకుండా పోయింది. అక్కడ కాపురమున్నవారిని నిందించి లాభం లేదు. నిలువనీడ లేనివారికి గుమ్మటం కూడా ఇల్లే. అక్కడికి కొద్ది దూరంలోనే అమీర్ ఖుస్రో సమాధి ఉంది. మాలిక్ కాఫూర్ ఓరుగల్లు ముట్టడిని వర్ణించిన కవి ఖుస్రోయే. ఆ కోటను గురించి రాసినవాడూ, ఆ కోట నుంచి వచ్చినవాడూ ఒకే పేటలో విశ్రమించడం విశేషం. మక్బూల్ కొడుకు జునాన్ షా తండ్రి పదవిని, బిరుదును కూడా పొందాడు. ఖిర్కీ మసీదు, తుర్క్‌మాన్ గేటు దగ్గరి కలాన్ మసీదు అతడు కట్టించినవే.

హుమాయూన్ సమాధిని గురించి అందరికీ తెలుసు గనుక ఎక్కువ చెప్పనవసరం లేదు. తాజ్‌మహల్‌కు పూర్వరూపమని దీనికి పేరు. 1857 సెప్టెంబరులో చివరి మొగల్ చక్రవర్తి బహదూర్ షా ఇక్కడే తలదాచుకొని ఆంగ్లేయులకు చిక్కాడు. పూర్వీకుని సమాధి నుంచి ఆయనను ఎర్రకోటకు తీసుకుపోయి, అక్కడే విచారించి, రంగూన్‌కు పంపారు. షాజహాన్ 1648లో పూర్తిచేసిన ఆ ఎర్రకోటలోనే 1945లో ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారుల విచారణ జరిగింది. 1947 ఆగస్టు 16న దాని మీద నెహ్రూ జాతీయ పతాకాన్ని ఎగురవేశాడు. 1921లో విజయవాడలో గాంధీజీకి పతాక నమూనాను సమర్పించిన పింగళి వెంకయ్య మన కృష్ణాజిల్లా వాడు. ఆ నమూనా మార్పులు పొంది, చరఖా స్థానంలో అశోకచక్రం చేరి, ఇక్కడికి చేరింది.

న్యూఢిల్లీ మరొక లోకం. వెడల్పైన వీధులు, వరుస చెట్లు, దూరం నుంచే కనబడే గుమ్మటం. ఇండియా గేట్‌కు ఎదురుగా సీతాకోకచిలుక రెక్కల ఆకారంలో ఉన్న హైదరాబాద్ హౌస్‌ను ఏడవ నిజాం కోసం లుట్యెన్స్ నిర్మించాడు. ఇప్పుడది విదేశీ అతిథులకు భారత ప్రభుత్వం ఆతిథ్యమిచ్చే భవనం. అదే శిల్పి రూపొందించిన ఇండియా గేట్ 1931లో ఆవిష్కృతమైంది. మొదటి ప్రపంచయుద్ధంలో, 1919 ఆఫ్ఘన్ యుద్ధంలో మరణించిన సైనికుల స్మారకమది. పదమూడు వేలకు పైగా పేర్లు దానిమీద చెక్కి ఉన్నాయి. అవి చాలావరకు తలెత్తినా చదవలేనంత ఎత్తులో ఉన్నాయి. దాని కింద 1972లో వెలిగించిన అమర్ జవాన్ జ్యోతిని 2022 జనవరిలో పక్కనే ఉన్న జాతీయ యుద్ధస్మారకంలోని జ్యోతిలో కలిపారు. 2019లో ప్రారంభమైన ఈ స్మారకంలో స్వాతంత్య్రానంతరం ప్రాణాలర్పించిన పాతికవేల మందికి పైగా సైనికుల పేర్లు గ్రానైట్ పలకల మీద బంగారు అక్షరాలతో ఉన్నాయి. వలయాకారపు గోడల వెంట ఒక్కొక్క పలకకు ఒక్కొక్క పేరు. వెతుక్కొంటూ వచ్చిన చుట్టాలు వరుసల వెంట నడిచి, తమవాని పేరు దొరికిన చోట ఆగుతారు.

కఠిన పదాలకు అర్థాలు

అదృష్టాన్వేషకులు = అదృష్టాన్ని వెతుక్కొనేవారు; కృతిభర్త = కావ్యాన్ని అంకితం పుచ్చుకొన్నవాడు; వజీరు = ప్రధానమంత్రి; మోకు = లావుపాటి తాడు; ఏకశిల = ఒకే రాయి; తామ్రశాసనం = రాగిరేకుల మీద చెక్కిన శాసనం; యాదృచ్ఛికం = అనుకోకుండా జరిగినది.

ప్రశ్నలు

1. తోప్రా నుంచి అశోకస్తంభాన్ని ఢిల్లీకి తరలించిన విధానాన్ని వర్ణించండి.
2. మక్బూల్ సమాధి ఢిల్లీ వాస్తుచరిత్రలో ఎందుకు ముఖ్యమైనది?
3. మక్బూల్ జీవితాన్ని గురించి రచయిత పేర్కొన్న రెండు అభిప్రాయాలలో మీరు దేనిని సమర్థిస్తారు? కారణాలు రాయండి.
4. మీ ఊరిలో గాని, మండలంలో గాని పేరు మరుగునపడిన ఒక పాత కట్టడాన్ని చూసి, అందులోని రాయి, ఆకారం, శాసనం మొదలైనవాటిని గురించి ఒక పుట రాయండి.