45 దాటాక ఉద్యోగం పోతే.. ఫోన్‌లో నెట్‌వర్క్ ఎలా కట్టాలి? స్టెప్ బై స్టెప్ గైడ్

లేఆఫ్ అనగానే మనకు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లే గుర్తొస్తారు. కానీ మదనపల్లె, పుంగనూరు, కుప్పం నుంచి బెంగళూరు వెళ్లి, ఏళ్ల తరబడి పనిచేసి, 50 దగ్గర పడ్డాక ఉద్యోగం పోయి ఇంటికొచ్చిన వాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకు కొత్త ఫోన్ అక్కర్లేదు. ఉన్న ఫోన్‌లో పద్ధతిగా నడిచే ఒక గ్రూప్ కావాలి. దాన్ని సెట్ చేసి పెట్టగలిగేది మనమే. ఎలాగో చూద్దాం.

ఉద్యోగం ఎవరి ద్వారా వస్తుంది?

1973లో మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికన్ సోషియాలజిస్ట్ ఒక పేపర్ రాశారు. మన క్లోజ్ ఫ్రెండ్స్‌కు తెలిసింది దాదాపు మనకూ తెలిసే ఉంటుంది, కొత్త కబురు వచ్చేది దూరపు పరిచయాల నుంచే అన్నది ఆయన పాయింట్. 2022లో సైన్స్ జర్నల్‌లో వచ్చిన స్టడీ దీన్నే లింక్డ్‌ఇన్‌లో 2 కోట్ల మంది మీద పరీక్షించింది. బాగా దగ్గరి వాళ్లకన్నా, ఓ మాదిరిగా తెలిసిన వాళ్ల వల్లే ఉద్యోగం మారడానికి ఎక్కువ సాయం అందిందని తేలింది.

ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషికి అలాంటి పరిచయాలు బోలెడు. అన్నీ కాంటాక్ట్స్ లిస్ట్‌లో నిద్రపోతుంటాయి. మన గ్రూప్ పని వాటిని లేపడమే.

మూడు ఊళ్లనూ కలపమనేది కూడా ఇందుకే. మదనపల్లె వాళ్లకు చింతామణి రూట్‌లో మనుషులు తెలుసు. పుంగనూరు వాళ్లకు ముళబాగిలు, కోలారు వైపు తెలుసు. కుప్పం వాళ్లకు బంగారపేట, క్రిష్ణగిరి దగ్గర. ఒక్క ఊరితోనే గ్రూప్ కడితే అందరికీ తెలిసిన నలుగురే మళ్లీ మళ్లీ తిరుగుతారు.

ఇంతకు ముందు ఎవరు చేశారు?

1939లోనే న్యూయార్క్‌లో ఫార్టీ ప్లస్ అనే క్లబ్ మొదలైంది. 40 దాటి ఉద్యోగం లేని వాళ్లే దాన్ని నడుపుకున్నారు.

మనకు దగ్గరి ఉదాహరణ 2023 జనవరిది. అమెరికాలో లేఆఫ్‌లు జోరుగా సాగుతున్న టైమ్. హెచ్-1బి వీసా మీదున్న వాళ్లకు ఉద్యోగం పోతే 60 రోజులే గడువు. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న రంగం అది. అక్కడి భారతీయ ఐటీ ఉద్యోగులు వాట్సాప్ గ్రూపులు కట్టుకున్నారు. 800 మందికి పైగా ఉన్న ఒక గ్రూప్‌లో ఖాళీల సమాచారం, ఇంకో దాంట్లో వీసా దారులు. కొందరు లాయర్లు ఫ్రీగా సలహా ఇవ్వడానికి ముందుకొచ్చారు. ఇందులో మనం నేర్చుకోవాల్సింది ఒకటే: ఒక గ్రూప్‌కు ఒకే పని.

అసలు అడ్డంకి ఫోన్ కాదు

మా చిన్నాయనకు 52. గ్రూప్ మాట ఎత్తగానే, "ఉద్యోగం పోయిందని ఊరంతా చాటుకోమంటావా నాయనా?" అన్నాడు. ఈ సిగ్గుకు ఏ సెట్టింగూ లేదు. కానీ చేరేటప్పుడు పెట్టే మెసేజ్‌ను మార్చొచ్చు. "జాబ్ కావాలి" అని రాయొద్దు. ఈ మూడు లైన్లు చాలు:

1. నాకు ఏ పని వచ్చు
2. ఏ ఊళ్లో, ఏ రంగంలో నాకు మనుషులు తెలుసు
3. ఇంకొకరికి నేను ఏం సాయం చేయగలను

అడిగేవాడిగా కాకుండా ఇచ్చేవాడిగా లోపలికి వస్తాడు. తేడా అక్కడే ఉంది.

సెటప్ ఇలా

1. వాట్సాప్‌లో మూడు చుక్కల మెనూ నొక్కి న్యూ కమ్యూనిటీ ఎంచుకోండి. అనౌన్స్‌మెంట్ గ్రూప్ దానంతట అదే వస్తుంది. అందులో అడ్మిన్లే పోస్ట్ చేయగలరు కాబట్టి ఖాళీల సమాచారం అక్కడ మాత్రమే పెట్టండి.

2. దాని కింద మూడు గ్రూపులు చాలు: పరిచయాలు, డౌట్లు (పీఎఫ్, రెజ్యూమె లాంటివి), కబుర్లు. గుడ్ మార్నింగ్ ఫోటోలన్నీ కబుర్లలోకి!

3. గ్రూప్ పర్మిషన్స్‌లో కొత్త మెంబర్లకు అడ్మిన్ అప్రూవల్ ఆన్ చేయండి. ఒక గ్రూప్‌లో 1024 మంది దాకా పడతారు. కానీ 30, 40 మందితో మొదలుపెట్టండి. ఒకరినొకరు గుర్తుపట్టేంత ఉండాలి.

4. పెద్దవాళ్ల ఫోన్‌లో చాట్స్ సెట్టింగ్స్‌కు వెళ్లి ఫాంట్ సైజ్ పెంచండి. మొబైల్ డేటాలో మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి. టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి, పిన్ వాళ్లకే గుర్తుండేలా చూడండి.

5. గూగుల్ షీట్‌లో "ఎవరికి ఎక్కడ పరిచయం" అని లిస్ట్ రాయండి. మెంబర్ పేరు, ఊరు, రంగం చాలు. బయటివాళ్ల ఫోన్ నంబర్లు ఎక్కించొద్దు. అవసరమైనవాళ్లు ఆ మెంబర్‌కే ఫోన్ చేసి అడుగుతారు.

మోసగాళ్లతో జాగ్రత్త

ఉద్యోగం కోసం చూస్తున్న వాళ్ల గ్రూప్ అంటే మోసగాళ్లకు పండగే. రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ ఫీజు అని డబ్బు అడిగే పోస్ట్ ఏదైనా డిలీట్. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయాలి.

గవర్నమెంట్ నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఫ్రీ. 60 దాటిన వాళ్ల కోసం 2021 అక్టోబర్‌లో సేక్రెడ్ అనే పోర్టల్ కూడా వచ్చింది. ఈ రెండింట్లో ప్రొఫైల్ పెట్టించడం మీ పనే.

నా వర్డిక్ట్

ప్లస్: ఖర్చు సున్నా, యాప్ అందరి ఫోన్‌లో ఉంది, కొత్తగా నేర్చుకోవాల్సింది తక్కువ.

మైనస్: అడ్మిన్ పట్టించుకోకపోతే నెలలో ఫార్వర్డ్‌ల కుప్ప అవుతుంది. పాత మెసేజ్ వెతకడం కష్టం, అందుకే షీట్ తప్పనిసరి.

పెద్ద గ్రూపులకు టెలిగ్రామ్ బెటర్, 2 లక్షల మంది దాకా పడతారు. కానీ ఇక్కడ మనకు కావాల్సింది సైజు కాదు. చేరిన ప్రతి మనిషీ ఇంకొకరి కోసం వారానికి ఒక్క ఫోన్ కాల్ చేయాలి. ఆ ఒక్క రూల్ నడిస్తే గ్రూప్ నడిచినట్టే. ఈ ఆదివారం మీ ఇంట్లో పెద్దవాళ్లతో కూర్చుని ఆ మూడు లైన్లు రాయించండి. కమ్యూనిటీ తర్వాత తెరవొచ్చు.