పొట్టిగా ఉంటేనే జిమ్నాస్టిక్స్ వస్తుందా?

మీ అమ్మాయిని జిమ్నాస్టిక్స్ శిక్షణలో చేర్పించారు. కొన్నాళ్లకు ఆ పాప రాత్రిపూట అన్నం వద్దంటోంది. "లావైతే ఎగరలేనమ్మా" అంటోంది. మీరేం జవాబు చెబుతారు? అంతకుముందు ఈ ఆటకూ శరీర నిర్మాణానికీ ఉన్న సంబంధం తెలుసుకుందాం.

చిన్న శరీరానికి ఉన్న లాభం

గాలిలో పల్టీ కొట్టేటప్పుడు శరీరం ఎంత దగ్గరగా ముడుచుకుంటే అంత వేగంగా తిరుగుతుంది. కాళ్లు, చేతులు పొట్టిగా ఉన్నవారికి ఇది సులువు. పైగా ఎత్తు పెరిగేకొద్దీ కండబలం కంటే బరువే ఎక్కువగా పెరుగుతుంది. తన బరువును తానే చేతుల మీద మోయవలసిన ఆట కనుక పొట్టివారికి కొంత అనుకూలం. 2016 రియో ఒలింపిక్స్‌లో 4 స్వర్ణాలు గెలిచిన అమెరికా క్రీడాకారిణి సిమోన్ బైల్స్ ఎత్తు 4 అడుగుల 8 అంగుళాలే. అయితే ఆమెది చిక్కిపోయిన శరీరం కాదు, కండలు తిరిగిన శరీరం.

ఈ ఆట ఆడితే పిల్లలు పొట్టిగా ఉండిపోతారని కొందరి భయం. నిజానికి, సహజంగా పొట్టిగా ఉన్న పిల్లలే ఇందులో ఎక్కువగా నిలదొక్కుకుంటారు. ఎదుగుదలను దెబ్బతీసేది చాలీచాలని తిండి.

కొలతలకు లొంగనివారు

రష్యాకు చెందిన స్వెత్లానా ఖోర్కినా సుమారు 5 అడుగుల 5 అంగుళాల పొడగరి. అయినా 1996, 2000 ఒలింపిక్స్ రెండింటిలోనూ అన్‌ఈవెన్ బార్స్‌లో స్వర్ణం సాధించింది. మన దేశంలో త్రిపురకు చెందిన దీపా కర్మాకర్‌వి చదును పాదాలు. పరుగెత్తి దూకే వాల్ట్‌కు అది పెద్ద లోపం. పట్టుదలతో సాధన చేసి 2016 రియోలో వాల్ట్‌లో 4వ స్థానంలో నిలిచింది. 0.15 పాయింట్ల తేడాతో కాంస్యం చేజారింది.

కడుపు మాడ్చుకుంటే

అమెరికా జిమ్నాస్ట్ క్రిస్టీ హెన్రిచ్ బరువు తగ్గాలన్న తపనతో తిండికి దూరమైంది. చివరకు అవయవాలు పనిచేయక 1994లో 22 ఏళ్లకే మరణించింది.

శ్రమకు తగిన తిండి లేనప్పుడు శరీరం పొదుపు మొదలుపెడుతుంది. బహిష్టు ఆగిపోతుంది. ఎముకలు పలచబడి సన్నని పగుళ్లు వస్తాయి. ఎముకల బలం చాలావరకు యుక్తవయసులోనే సమకూరుతుంది కనుక ఆ నష్టం తర్వాత పూడ్చడం కష్టం. మగపిల్లలకూ ఈ ప్రమాదం ఉంది.

తల్లిదండ్రులు గమనించవలసిన గుర్తులు

1. 15 ఏళ్లు నిండినా రజస్వల కాకపోవడం, లేదా వరుసగా 3 నెలలు బహిష్టు రాకపోవడం.
2. పాదం, కాలి ఎముక, నడుము, మణికట్టులో తగ్గని నొప్పి.
3. భోజనం తప్పించుకోవడం, తిన్నది కావాలని వాంతి చేసుకోవడం.
4. తరచు కళ్లు తిరగడం, ఎత్తు, బరువు పెరగకపోవడం.

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా "ఆటల్లో మామూలే" అని ఊరుకోకుండా డాక్టరుకు చూపించండి. అన్నం, పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, ఆకుకూరలు రోజూ పెట్టండి. శిక్షణకు వెళ్లేముందు ఒక అరటిపండు ఇవ్వండి. బరువు గురించి ఎగతాళి చేయకండి, ఎవరినీ చేయనివ్వకండి.

ఇక ఆ పాపకు చెప్పవలసిన జవాబు: "తినకపోతే ఎగిరే బలం ఎక్కడినుంచి వస్తుంది తల్లీ? రా, ఇద్దరం కలిసి తిందాం."